ఒంటిచేతి దోసిలి

మోక్షిత చిటికెన వేలికి పెట్టిన నల్లసిరా ఇంకా సరిగా ఆరలేదు. సంయుక్త తలుపు సందులోంచి ఆ వేలిని చూసింది. తర్వాత అత్త ముఖం చూసింది. ఒక్క మాట అనకుండా తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

చంకలో మనుమరాలితో భూలక్ష్మి అక్కడే నిలబడిపోయింది.

ఆమె మీద గొంతు పెంచినవాళ్లు తక్కువేం కాదు. గోపన్‌పల్లిలో పొలం గెట్టు తగాదాలకు వచ్చిన దాయాది పాలోళ్లు, భూములు ప్లాట్లవుతున్న రోజుల్లో ఇంటి చుట్టూ తిరిగిన దళారులు, కిరాయి పెంచినప్పుడల్లా ఇంగ్లీషులో గొణిగే పై అంతస్తు సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరికీ ఆమె దగ్గర జవాబు ఉంది. మూసిన తలుపుకు ఏం జవాబు చెప్పాలో మాత్రం తోచలేదు.

"ఏమైంది అమ్మా? తలుపెందుకు పెట్టుకున్నది?" సోఫాలోంచి లేవలేక లేస్తూ అడిగింది కూతురు నవనీత.

నవనీతకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు తొందరపడి వికారాబాద్‌లో అత్తగారింట్లోనే అయిపోయింది. ఈసారన్నా పుట్టింట్లో పురుడు పోయకపోతే నలుగురిలో తలెత్తుకోలేనని భూలక్ష్మి పట్టుబట్టి, రెండేళ్ల మోక్షితతో సహా బిడ్డను తెచ్చుకుంది. తెచ్చుకున్న వారంలోనే కొడుకు సంసారం మీద ఈ పిడుగు పడింది.

కొడుకు సాయిచంద్, కోడలు సంయుక్తల బిడ్డకు నాలుగో నెల. పుట్టగానే అందరు పిల్లలకు వేసినట్టే భుజానికి సూది వేశారు. అందరికీ మానిన ఆ పుండు వాడికి మానలేదు. పాలు తాగితే విరేచనాలు, నోటినిండా తెల్లపూత, ఎంతకీ తగ్గని దగ్గు. దవాఖానలు తిరగగా తిరగగా, వాడి ఒంట్లో రోగంతో కొట్లాడే కణాలు తయారే కావడం లేదని పెద్ద డాక్టరమ్మ తేల్చి చెప్పింది. తండ్రి ఎముక మజ్జ తీసి ఎక్కిస్తే పిల్లవాడు బతుకుతాడు. అది వచ్చే నెల. అందాకా జలుబు కూడా వాడి గడప తొక్కకూడదు.

అప్పటి నుంచి ఆ పడమటి గది ఇంట్లో ఇంకో ఇల్లయింది. గడప ముందు నేల మీద ఎర్ర టేపు అతికించారు. అది దాటేది సంయుక్త, సాయిచంద్ మాత్రమే. అదీ స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మూతికి మాస్కు పెట్టుకుని. అప్పటికే వాయిదా పడుతున్న తొట్టెల పండుగ ఆగిపోయింది. పేరు పెట్టకుండానే పిల్లవాడు బాబుగా మిగిలాడు. నాయనమ్మ మనుమణ్ని కిటికీ అద్దంలోంచి చూడాల్సి వచ్చింది.

ఆ కడుపుమంటలోనే భూలక్ష్మి దవాఖాన వరండాలో, పదిమందీ వింటుండగా, వియ్యపురాలిని, సంయుక్త తల్లి రాజరాజేశ్వరిని ఒక మాట అన్నది. ఈ రోగం మా ఇంటిది కాదు, మీ దిక్కు నుంచి మోసుకొచ్చిందే అని. రాజరాజేశ్వరి పెదవి విప్పలేదు. చెంగు భుజాన వేసుకుని హఫీజ్‌పేట్ వెళ్లిపోయింది. మళ్లీ ఈ వైపు రాలేదు. సంయుక్త కూడా ఆనాటి నుంచి అత్తతో పొదుపుగానే మాట్లాడుతోంది.

ఇప్పుడు ఆ పొదుపు మాటలు కూడా లేవు.

"నా పిల్లను చూసి తలుపు మూస్తదా?" నవనీత గొంతులో ఏడుపు అప్పుడే మొదలైంది. "మేమేమన్న రోగిష్టోళ్లమా? వదినెకు మేమొచ్చింది ఇష్టం లేకపోతే మొకం మీద చెప్పమను. ఆటో పిలుచుకొని పోత."

భూలక్ష్మి కూతురి మీద కళ్లెర్రజేసింది గానీ, లోపల ఆమెకూ అదే అనిపించింది. తను చేసిన తప్పేంటి? ఇవాళ పోలియో ఆదివారం. పొద్దున్నే స్కూలు దగ్గర పెట్టిన కేంద్రానికి మోక్షితను ఎత్తుకుపోయి చుక్కలు వేయించుకొచ్చింది. ఏ ఏడైనా అదే పని. ఒక్క మోక్షితను కాదు, వాడకట్టులో అయిదేళ్లలోపు పిల్లలందరినీ ముందర వేసుకుని పోతుంది. తల్లులు నిద్ర లేవకపోతే తలుపులు బాదుతుంది. అపార్ట్‌మెంట్ల కాపలావాళ్లతో కొట్లాడి మరీ లోపలి పిల్లలను బయటికి తెప్పిస్తుంది. ఆశా వర్కర్ నర్సమ్మ ఆమెను నవ్వుతూ, పెద్దమ్మా నీకే జీతమియ్యాలె అంటుంది.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆమె తమ్ముడు చంద్రయ్య. పాకే వయసులో పోలియో జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. చిన్నప్పుడు భూలక్ష్మి వాణ్ని బడికి వీపు మీద మోసింది. ఆ కాలి బరువు ఆమె నడుముకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చుక్కలంటే ఆమెకు దేవుడి తీర్థం కన్నా ఎక్కువ.

తలుపు తెరుచుకుంది. సంయుక్త మాస్కు పెట్టుకుని, ఎర్ర గీతకు లోపలే నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు నిలకడగానే ఉంది.

"అత్తయ్యా, ఆయన మీకు చెప్పలేదాండీ? మనింట్లో ఎవరికీ పోలియో చుక్కలు వేయించొద్దని?"

"ఎవలు, సాయిగాడా? వాడు నాకేం చెప్పలే."

సంయుక్త కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ అమ్మకు నేను చెప్తానని సాయిచంద్ మాట ఇచ్చాడు. దవాఖానలో అంత గొడవయ్యాక ఇంకో గొడవ ఎందుకని నానబెట్టాడు. ఇప్పుడు మజ్జ పరీక్షలని గచ్చిబౌలి పోయి కూర్చున్నాడు. ఇద్దరు ఆడవాళ్లకూ ఒక్క క్షణంలో అదంతా అర్థమైంది. ఇద్దరూ ఆ సంగతి పైకి అనలేదు. ఈ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని బహుశా ఆ ఊరుకోవడమే.

"అయితే ఏందంట?" అన్నది నవనీత. "సర్కారోళ్లు దేశమంత ఏసే చుక్కలు. నా పిల్లకేసుకుంటె నీ కొడుకుకేమైతది?"

"అదే అడుగుతున్న నేను గూడ," భూలక్ష్మి అందుకుంది. "లోకంల పిల్లలందరికి మంచి చేసేది నా మనుమనికి చెడ్డెట్ల చేస్తది? మా తమ్ముని కాలు చూసినంక గూడ చుక్కలొద్దంటె నేనెట్ల ఊకుంట, చెప్పు."

సంయుక్త కోప్పడుతుందనుకుంది. కోప్పడలేదు. చుక్కలు మంచివే అన్నది. మోక్షితకు వేయించడం తప్పని తను అనడం లేదన్నది. ఆ చుక్కలో ఉండేది పోలియో పురుగేననీ, కొమ్ములు విరిచి, బతికి ఉండగానే వదులుతారనీ, మోక్షిత ఒళ్లు దాన్ని చూసి కొట్లాట నేర్చుకుంటుందనీ చెప్పింది. కొన్ని వారాలు అది పిల్ల కడుపులో ఉండి, దొడ్డికి పోయినప్పుడు బయటికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దానితో భయం లేదు.

"వీడికి కొట్లాట నేర్చుకునే కణాలే లేవండి. వీడి ఒంట్లోకి వస్తే దాన్ని ఆపేవాళ్లుండరు. మీ తమ్ముడికి వచ్చిందే వీడికీ రావచ్చు."

భూలక్ష్మి చంకలో ఉన్న పిల్లను మెల్లగా కిందికి దించి, తల్లి దగ్గరికి పొమ్మంది.

"కణాలెందుకు లేవు?" అని అడిగింది. దవాఖానలో డాక్టర్లు చెప్పినప్పుడు ఆమె సగమే విన్నది. మిగతాది వినకుండానే తప్పు ఎవరిదో తేల్చేసింది. ఇప్పుడు నిజంగా అడిగింది.

సంయుక్త ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినట్టు గడప లోపల నేల మీద కూర్చుంది. భూలక్ష్మి గీతకు ఇవతల, దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది.

"అత్తయ్యా, దోసిలి పట్టండి."

భూలక్ష్మి పట్టింది.

"అందులో నీళ్లున్నాయనుకోండి. ఎడమచెయ్యి తీసేయండి."

"పారపోతయి."

"అంతేనండి, వీడి జబ్బు."

ఆ తర్వాత సంయుక్త చెప్పిన తీరు భూలక్ష్మి జన్మలో మరిచిపోలేదు. రక్తంలో కణానికి గోడ ఉంటుందట. ఆ గోడలోంచి చేతులు బయటికి చాచుకుని ఉంటాయట. చెయ్యి సగం గోడ బయట, కొస గోడ లోపల. ఒళ్లు పంపే కబుర్లు రక్తంలో తేలుతూ వస్తుంటే, రెండు చేతులు దగ్గరై దోసిలి పట్టి కబురును అందుకుంటాయి. అందుకోగానే లోపలి కొసలు ఒకదాన్నొకటి తట్టుకుంటాయి. పెరుగు, పనిలో దిగు అని కణానికి అప్పుడు తెలుస్తుంది. కబురు లోపలికి పోనే పోదు. గడప బయటే నిలబడి ఇంటిని నిద్ర లేపుతుంది.

"ఒక్కో కబురుకు కుడిచెయ్యి వేరండి. ఎడమచెయ్యి మాత్రం ఆరు రకాల దోసిళ్లకూ ఒకటే. ఒకే తీరు చెయ్యి ఆరు చోట్ల పనిచేస్తుంది. అందుకే అది పోతే ఆరూ పోతాయి. కొన్ని కణాలు పుట్టనే పుట్టవు. పుట్టినవాటికి ఏం చెయ్యాలో తెలియదు."

"మన పిలగానికి ఎడమచెయ్యి లేదా?"

సంయుక్త ఫోను తీసి, తెర మీద ఒక బొమ్మ తెచ్చి, గీత మీదుగా చూపించింది. రంగు రంగుల రిబ్బన్లు వంపులు తిరిగి, మడతలు పడి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, నడుమ చిన్న గింజలాంటి దాన్ని పట్టుకుని ఉన్నాయి. వేలితో తిప్పితే బొమ్మ తిరిగింది. వెనక నుంచి చూస్తే ఇంకో తీరు, పై నుంచి చూస్తే ఇంకో తీరు.

భూలక్ష్మి పండుగకు చీర కొన్నా, రవిక కుట్టించినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూసే మనిషి. ఆమె కన్ను సరిగ్గా అక్కడికే పోయింది.

"ఈ మడతలు విడిపోకుంట ఏది పట్టి ఉంచుతున్నది?"

సంయుక్త తలెత్తి అత్తను చూసింది. మాస్కు వెనక ఆమె పెదవులు కదిలినట్టు కళ్లే చెప్పాయి.

"కుట్లేనండి. ఇదిగో, ఇక్కడొకటి, ఇక్కడొకటి. మనవాడి చేతిలో ఈ కుట్టు పడలేదు. కుట్టు లేకపోతే మడత నిలవదు. వంకర చెయ్యిని కణమే గోడ దాకా రానివ్వకుండా పారేస్తుంది."

"ఒక్క కుట్టు?"

"ఒక్కటే."

భూలక్ష్మి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. కంటికి కనపడని కణం, దాని గోడకు చేతులు, ఆ చేతులకు మడతలు, మడతలకు కుట్లు. కుట్టిన దర్జీ ఎవరో తెలియదు. తన ఒంట్లో, నవనీత ఒంట్లో, వీధిలో మట్టిలో ఆడుతున్న ప్రతి పిల్లవాడి ఒంట్లో ఎవరూ అడగకుండానే కోట్ల చేతులు ఇంత సక్కగా కుట్టుకుని దోసిళ్లు పట్టి కూర్చున్నాయి. అన్నం తిని, నిద్రపోయి, కిరాయిల కోసం కొట్లాడుతూ బతికిన ఇన్నేళ్లలో వాటికి ఒక్కసారి కూడా దండం పెట్టలేదే అనిపించింది.

అంతకన్నా ఎక్కువ ఆమెను కదిలించింది ఎదురుగా కూర్చున్న పిల్ల. ఈ కోడలు చదివింది బయోటెక్నాలజీ, మాదాపూర్‌లో చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చదువొకటి, కొలువొకటి, తల్లిదండ్రుల పైసలు బూడిదల పోసినట్టే అని చుట్టాల ముందు తను నవ్విన రోజులున్నాయి. ఆ చదువు ఎక్కడికీ పోలేదు. మరిచిపోయిన పుస్తకాలన్నీ మళ్లీ తెరిచి, పిల్లవాడు పడుకున్నప్పుడల్లా చదివి, డాక్టరమ్మ చెప్పింది అడిగి అడిగి తెలుసుకుని, ఏడవాల్సిన చోట ఏడవకుండా, చదువురాని అత్తకు దోసిలి పట్టించి చెప్పింది.

"జర గట్టిదానివే నువ్వు," అన్నది భూలక్ష్మి. ఇంకా ఏదో అనబోయింది.

గేటు చప్పుడైంది.

"పెద్దమ్మా, ఉన్నవా?" నర్సమ్మ గొంతు. "కేంద్రం కాడ పని అయిపోయింది. బాబుకు ఇంటికాడనే ఎయ్యమంటివి గద, చుక్కల డబ్బ తెచ్చిన. మీ కోడలు తానానికి పోయిందా మరి?"

నవనీత తల్లివైపు తిరిగింది.

నిజమే. పొద్దున కేంద్రం దగ్గర నర్సమ్మ చెవిలో ఆ మాట చెప్పింది భూలక్ష్మే. మధ్యాహ్నం సంయుక్త స్నానానికి పోతుంది, ఆ గడియలో వచ్చి రెండు చుక్కలు వేసి పో, దానికి చెప్తే ఒప్పుకోదు, నా మనుమడు మా తమ్ముడి లెక్క కావద్దు అని.

సంయుక్త లేవలేదు. అత్తను చూడలేదు కూడా. ఒడిలో రెండు చేతులు పెట్టుకుంది. వాటిని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని నేలవైపు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా," అన్నది నవనీత నెమ్మదిగా. అప్పటిదాకా పోట్లాడిన గొంతు కాదు అది.

భూలక్ష్మి గోడ పట్టుకుని లేచింది. వరండా దాటి గేటు దగ్గరికి పోయింది. నర్సమ్మను లోపలికి రానివ్వలేదు. గేటు గొళ్లెం కూడా తీయలేదు. గేటు మీదుగానే సంగతి చెప్పింది. పిల్లవానికి ఒంట్లో కొట్లాడే బలం లేదని, ఈ చుక్కలు వానికి పడవని, పెద్ద దవాఖానలో చెప్పారని, పొద్దున తెలియక రమ్మన్నానని.

నర్సమ్మ బిత్తరపోయింది. అట్లాంటి పిల్లలుంటారని శిక్షణలో చెప్పారు గానీ తను ఎన్నడూ చూడలేదన్నది. డాక్టర్ చెప్పింది రాసుకుని పై సారుకు చెప్తానన్నది. తర్వాత చేతిలో సుద్దముక్క పట్టుకుని ఇబ్బందిగా నిలబడింది.

ఇల్లిల్లూ తిరిగే వాళ్ల పద్ధతి భూలక్ష్మికి తెలియంది కాదు. పిల్లలందరికీ చుక్కలు పడ్డ ఇంటి గోడకు ఒక గుర్తు, ఎవరికైనా పడకపోతే ఇంటూ గుర్తు. కిందటేడు పక్కవీధిలో ఒక ఇంటికి ఆ ఇంటూ గుర్తు పడితే, వాకిట్లో నిలబడి ఆ ఇల్లాలిని నానా మాటలూ అని, చివరికి పిల్లవాణ్ని తీసుకురప్పించింది తనే. ఆ ఇల్లాలు ఇప్పటికీ ఈ దారినే పాలకు పోతుంది.

"రేపు గీస్త తియ్యి పెద్దమ్మా. సార్‌ను అడిగి..."

"ఇప్పుడే గియ్యి. పడలేదంటె పడలేదనే ఉండాలె. లేకపోతె ఎల్లుండి ఇంకొకరు డబ్బ పట్టుకొనొస్తరు. నేను ఇంట్ల ఉండకపోవచ్చు."

నర్సమ్మ గేటు స్తంభం మీద ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలు గీసింది. తెల్లటి సున్నం లాంటి గుర్తు. భూలక్ష్మి కళ్లు దించకుండా దాన్ని చూసింది.

లోపలికి వచ్చేసరికి సంయుక్త గడపలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"నేను తానానికి పోయినప్పుడా?" ఆమె అత్త భాషలోనే అడిగింది. అది ఎగతాళి కాదు. ఆ మాట ఆమెను ఎంత లోతుగా తాకిందో దాంట్లో తెలిసింది.

"అవు బిడ్డా."

"ఇంకొక్క గంట ఆలస్యంగా మోక్షిత వేలు చూసి ఉంటే..."

"అవు."

భూలక్ష్మి అంతకు మించి ఏం చెప్పుకోలేదు. మంచికే చేశానని అనలేదు. సాయిచంద్ పేరు ఎత్తలేదు. సంయుక్త తర్వాత డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, చెప్పినవన్నీ తలూపుతూ విని, ఫోను పెట్టేసింది. మోక్షిత ఇంతవరకూ ఈ గదిలోకి రాలేదు కాబట్టి భయపడక్కర్లేదట. కానీ ఇవాళ్టి నుంచి ఆ పిల్లా, ఆ పిల్లను కడిగి తుడిచేవాళ్లూ బాబున్న ఇంట్లో ఉండకపోవడం మేలట. కొన్ని వారాలు.

నవనీత గట్టిగా ఏడ్చేసింది. తొమ్మిది నెలల కడుపుతో కాన్పుకొచ్చిన ఆడబిడ్డను పుట్టింటి నుంచి పంపించేస్తారా అన్నది. వికారాబాద్‌లో అత్త ఏమంటుంది, మొగుడు ఏమంటాడు, రేపు ఈ కడుపులో ఉన్నదానికి ఏం చెప్పుకోవాలి అన్నది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. సంయుక్త కూడా కాదనలేదు. తనే పిల్లవాణ్ని తీసుకుని ఎక్కడికైనా పోతానన్నది. ఆ గదిని కడిగి కడిగి సిద్ధం చేసుకున్నది తనే. ఇంకోచోట అంత శుభ్రంగా గది ఎట్లా దొరుకుతుందో ఆమెకే తెలియదు.

"ఎవలూ ఎక్కడికి పోరు," అన్నది భూలక్ష్మి. "పోయేది నేను. నవనీతను, పోరిని తోలుకొని మణికొండల చంద్రయ్యకాడికి పోత. మేనమామ ఇల్లంటె పుట్టిల్లు గాదా? పురుడు అక్కడనే పోస్త. పాలోళ్లేమన్న అంటె నేను చెప్పుకుంట. ఆ మాత్రం నోరు నాకున్నది."

నవనీత ముక్కు తుడుచుకుంది. మామ అయితే సరే అన్నట్టు కాదు, తల్లి వెంట వస్తుందంటే సరే అన్నట్టు.

"మీరెందుకండీ?" అన్నది సంయుక్త.

"పొద్దటి సంది ఆ పిల్లను కడిగింది ఎవలు? ఈ చేతులే గద." భూలక్ష్మి అరచేతులు చూసుకుంది. "నీకు ఒంట్ల బాగలేకపోతె, పిలగాన్ని పట్టుకునేటందుకు ఇంకొకరుండాలె. సాయిగాడు రేపో మాపో దవాఖానలనే ఉంటడు. నీకు మీ అమ్మ కావాలె."

సంయుక్త ముఖం తిప్పుకుంది. "అమ్మ రాదండి. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, వాడి మాట ఎత్తితే పెట్టేస్తుంది. మీరన్న మాటకు అనుకున్నాను. కానీ ఇంకేదో ఉంది."

భూలక్ష్మి వరండాలోకి పోయి తనే ఫోన్ చేసింది. వదినె, నేను భూలక్ష్మిని అన్నది. అవతల ఊపిరి వినిపించింది గానీ మాట రాలేదు. దవాఖానలో నేను తెలివిలేక మాట్లాడిన అన్నది. నీ బిడ్డ ఒక్కతే అయింది, రావాలె అన్నప్పుడు మాత్రం, వస్తున్నానండీ అని ఒక్క ముక్క వినిపించింది.

ఎండ వాలే వేళకు హఫీజ్‌పేట్ నుంచి ఆటో వచ్చింది. చంద్రయ్య పంపిన ఆటో అప్పటికే గేటు ముందు ఉంది. నవనీత, మోక్షిత అందులో కూర్చున్నారు. రాజరాజేశ్వరి చిన్న బ్యాగుతో దిగింది. గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"లోపటికి పో వదినె. తానం చేసి, బట్టలు మార్చుకొని..."

"నేను ఇంట్లో పని చేస్తానండి. వంటా, బట్టలూ అన్నీ. పిల్లాణ్ని మాత్రం ఎత్తుకోమనకండి."

"ఎందుకు?"

రాజరాజేశ్వరి బ్యాగును రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదన్నది. సంయుక్త తండ్రికి కూడా. తన తర్వాత వాళ్లమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. పెద్దపిల్ల కాబట్టి మొదటివాణ్ని ఎత్తుకుని తిప్పింది తనే. వాడు ఏడాది నిండకుండానే పోయాడు. ఊళ్లో ఆడవాళ్లు ఈ పిల్ల చెయ్యి మంచిది కాదన్నారు. రెండోవాడు పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద దొర్లించి, పెంటయ్య అని పేరు పెట్టి, ముక్కు కుట్టించారు. దేవుడు అసహ్యించుకుని వదిలేస్తాడని. తనను వాడి గదిలోకి రానివ్వలేదు. ఒకనాడు వాడు ఏడుస్తుంటే ఆగలేక వెళ్లి ఎత్తుకుంది.

"నెల తిరక్కుండా వాడూ పోయాడండి. మీరు మా వైపు నుంచి వచ్చిందన్నప్పుడు నాకు కోపం రాలేదు. నిజమే అనుకున్నాను. వీణ్ని పుట్టగానే అందుకున్నది నేనే."

భూలక్ష్మి తనన్న మాట పోయి ఎక్కడ తగిలిందో ఇప్పుడు చూసింది. దగ్గరికి పోయి వియ్యపురాలి చేతులు పట్టుకోవాలనిపించింది. పొద్దున ఆ చేతులతో ఏం చేసిందో గుర్తొచ్చి ఆగింది. దూరం నుంచే తన చేతులు రెండూ కలిపి చూపించింది.

"ఇటు చూడు వదినె. నీ బిడ్డ నాకు చెప్పింది, నేను నీకు చెప్త."

గోడ, చేతులు, కబురు, కుట్టు, అన్నీ చెప్పింది. సంయుక్త చెప్పినంత సక్కగా రాలేదు. ఆరు దోసిళ్ల దగ్గర తడబడి మళ్లీ మొదటికొచ్చింది. కానీ అసలుది వదల్లేదు. ఆ కుట్టు ఎట్లా పడాలో చెప్పే నమూనా ఆడవాళ్ల ఒంట్లో రెండు ఉంటాయని, ఒకటి చెడినా రెండోది నడిపిస్తుందని, మగపిల్లవాడికి ఉండేది ఒక్కటేనని డాక్టరమ్మ ఆనాడే చెప్పింది. అప్పుడు ఆ మాట తనకు కొట్లాటకే పనికొచ్చింది. ఇప్పుడు అదే మాటను ఇంకో తీరుగా పెట్టింది.

"నీ తమ్ముండ్లు నీ చేతుల పోలేదు. పుట్టకముందే ఆ కుట్టు లేదు. నువ్వు ఎత్తుకున్నందుకు, పోయేదాక నవ్విండ్రేమో గంతే. అప్పుడు మందు లేదు. ఇప్పుడున్నది. నీ మనుమడు బతుకుతడు. పోయి ఎత్తుకో."

రాజరాజేశ్వరి చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోలేదు. భూలక్ష్మి చేతుల వైపే చూస్తోంది. ఎన్నో ఏళ్ల బరువు దిగిన మనిషి ముఖంలో వెలుగు రావాలి. వచ్చింది కూడా. వచ్చినట్టే వచ్చి, ఎక్కడో ఆగింది.

"రెండు నమూనాలంటే..." అన్నది మెల్లగా. "చెడ్డది మా అమ్మది నాకొచ్చింది. నాది సంయుక్తకొచ్చింది. నాకున్నది ఒక్క ఆడపిల్లే కాదు కదండీ."

భూలక్ష్మి చేతులు దించింది.

"మా చిన్నమ్మాయి యశస్విని. దానికి మూడో నెల. నిన్ననే చెప్పింది. అక్కకు ఇప్పుడే చెప్పొద్దమ్మా, నేనే ఎదురుగా చెప్తా అన్నది. దానికి ఇదేం తెలియదండి. నా తమ్ముళ్ల సంగతే తెలియదు."

పడమటి గది కిటికీ తెరుచుకుంది. తల్లిని చూసిన సంయుక్త ముఖంలో, ఇన్ని రోజుల తర్వాత, చిన్నపిల్లలో ఉండే సంబరం కనపడింది.

"వచ్చావా అమ్మా? చెల్లి ఇప్పుడే ఫోన్ చేసింది. ఏదో శుభవార్తట, ఎదురుగానే చెప్తుందట. గోపన్‌పల్లి మలుపు దాకా వచ్చేసింది."